ఫైలు పూర్తిగా చేరిందా? ఈ పాత పరీక్ష మన పిల్లలకు ఇంకా అవసరమా?

అభిప్రాయం | కంప్యూటర్ ల్యాబ్ నుంచి, రంపచోడవరం శాఖ



కిందటి పేరెంట్–టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి నా టేబుల్ దగ్గరికి వచ్చి, వాళ్లబ్బాయి కంప్యూటర్ క్లబ్ నోట్‌బుక్ తెరిచి చూపించారు. పేజీ నిండా అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి వరుసలు. ఒక్కో వరుసలో 64 గుర్తులు. "సార్, ఇదేంటండీ? నేను తొంభైల్లో రాజమండ్రిలో డాస్ నేర్చుకున్నప్పుడు మా సార్ ఇలాంటివే చేయించేవారు. ముప్పై ఏళ్లు దాటినా ఇవేనా? ఏఐ నేర్పిస్తారనే కదా ఇక్కడ వేసింది!" అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు, నిజమైన సందేహమే ఉంది. కష్టపడి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. ఆ రోజు వెనక క్యూ ఉండటంతో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను. ముందే ఒక మాట: ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఏ సగమో చివర్లో చెబుతాను.

మన కంప్యూటర్ క్లబ్ పిల్లలు శనివారాలు ఒక చిన్న నెట్‌వర్క్ నడుపుతున్నారు. నాలుగు పాత డెస్క్‌టాప్‌లు, ఒక స్విచ్, ఒక రౌటర్, అంతే. బయటి ఇంటర్నెట్ పోయినా అది పనిచేస్తుంది. పిల్లలు తీసిన ఫొటోలు, రికార్డు చేసిన కథలు, రాసిన చిన్న చిన్న గేములు, పాఠాల వీడియోలు, ఒకసారి డౌన్‌లోడ్ చేసి దాచుకున్న లినక్స్ అందులో ఉంటాయి. ఏ ఫైలు లోపలికి వచ్చినా దానికో చెక్ సంఖ్య తీసి రాయాలన్నది క్లబ్ నియమం. ఆ తండ్రి చూసిన వరుసలు అవే.

ఆ నియమం ఎందుకు వచ్చిందంటే

నా తప్పు వల్ల వచ్చింది. దాచకుండా చెప్పేస్తాను.

రెండేళ్ల కిందట తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె సైన్స్ ప్రాజెక్ట్ కోసం మారేడుమిల్లి వైపున్న తన ఊరికి వెళ్లి, వాళ్ల అమ్మమ్మ చేత అడవి దుంపల పేర్లు, ఆకుల పేర్లు, ఏది ఎప్పుడు తినాలో, ఏది తినకూడదో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చింది. ఇరవై రెండు నిమిషాలు. మధ్యలో ముసలామె ఏదో గుర్తొచ్చి ఒక పాట కూడా పాడిందట. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ల్యాబ్‌కు తెచ్చింది. నేను కంప్యూటర్‌లోకి కాపీ చేశాను. పేరు సరిగ్గా ఉంది, సైజు సరిగ్గా ఉంది, ప్లే చేస్తే మాట వినపడింది. "వచ్చిందమ్మా, ఫోన్‌లో తీసేసుకో" అన్నాను. ఫోన్ నిండిపోయి ఉంది కాబట్టి ఆ అమ్మాయి తీసేసింది.

వారం తర్వాత మొత్తం విందామని కూర్చుంటే తొమ్మిదో నిమిషం దగ్గర మాట ఆగిపోయింది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దమే. ఇంటి దగ్గర ఫోన్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుండగానే ఎవరో మధ్యలో లాగేశారు. కాపీ మొదలుపెట్టేటప్పుడే కంప్యూటర్ ఆ ఫైలుకు కావలసినంత చోటు ముందుగా పక్కన పెట్టేయడం కద్దు. అందుకే లోపల సరుకు లేకపోయినా సైజు మాత్రం నిండుగానే కనిపించింది. ఖాళీ బస్తాకు మూతి కుట్టేసి నిలబెట్టినట్టు.

అమ్మమ్మ మళ్లీ చెప్పింది. దుంపల పేర్లన్నీ వచ్చాయి. పాట మాత్రం మళ్లీ రాలేదు. "ఆ రోజు వచ్చింది, ఇప్పుడు రావట్లేదు" అందట.

ఫోన్‌లోంచి తీసేసే ముందు రెండు ఫైళ్లనూ పోల్చి చూసి ఉంటే చాలు, నిమిషం పని. ఆ నిమిషం నేను పెట్టలేదు. నియమం ఆ మరుసటి శనివారం నుంచి మొదలైంది.

చెక్ సంఖ్య అంటే ఏమిటి?

సంతకు జీడిపిక్కలు తీసుకెళ్లే రైతు తెలివైనవాడైతే ఇంట్లో ఒకసారి తూచుకుని బయలుదేరతాడు. అక్కడ కాటా మీద వేరే అంకె కనిపిస్తే దారిలో బస్తా చిరిగిందో, కాటాలో తేడా ఉందో, ఏదో జరిగిందని వెంటనే తెలుస్తుంది. ఎక్కడ పోయిందో తూకం చెప్పదు. పోయిందన్న సంగతి మాత్రం కచ్చితంగా చెబుతుంది. చెక్ సంఖ్య ఫైలుకు తూకం లాంటిది. బయలుదేరిన చోట ఒకసారి, చేరిన చోట ఒకసారి లెక్కకట్టి, రెండూ ఒకటేనా అని చూడటమే.

ఈ పద్ధతి మీ జేబులో ఇప్పటికే ఉంది. ఆధార్‌లో 12 అంకెలు ఉంటాయి కదా, వాటిలో చివరిది ఎవరో ఇష్టం వచ్చినట్టు వేసింది కాదు. మొదటి 11 అంకెల నుంచి ఒక లెక్క ప్రకారం పుట్టింది. 1969లో యాకోబస్ వెర్హూఫ్ అనే డచ్ గణితవేత్త ప్రచురించిన పద్ధతి అది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైనా ఆ నంబరు చెల్లదని కంప్యూటర్ అక్కడికక్కడే పట్టేస్తుంది. పుస్తకాల వెనక ఐ.ఎస్.బి.ఎన్., ఏటీఎం కార్డు నంబరు, వీటన్నిటికీ చివర ఇలాంటి కాపలా అంకె ఉంటుంది.

ఎనిమిదో తరగతి పిల్లలకు నేను చెప్పే ఉదాహరణ ఇది. "కమల" అనే మాటలో అక్షరానికొక మార్కు వేసి కూడితే ఒక మొత్తం వస్తుంది. "మలక" అని తిప్పి రాసినా అదే మొత్తం వస్తుంది. అంటే ఉత్త కూడిక వరుస మారడాన్ని పట్టలేదు. అందుకే వరుసను కూడా లెక్కలోకి తీసుకునే సి.ఆర్.సి. అనే పద్ధతిని 1961లో వెస్లీ పీటర్సన్ ప్రతిపాదించారు. మనం రోజూ వాడే జిప్ ఫైళ్లలో ఈనాటికీ ఉన్నది అదే కుటుంబానికి చెందిన 32 బిట్ల లెక్క. చెడిపోయిన ఫైలు దాని కళ్లుగప్పి దాటిపోయే అవకాశం సుమారు 430 కోట్లలో ఒకటి. పిల్లలకు ఈ సంగతి చెప్పగానే ఎవరో ఒకరు "అయితే నాలుగు వందల ముప్పై కోట్ల ఫైళ్లు చేద్దాం సార్" అంటారు. గణితం మీద ఇష్టం ఇలాగే మొదలవుతుంది.

ఫోన్ లైన్ల మీద నడిచిన కాలం

ఈ పనిముట్లను పెద్ద కంపెనీలే కాదు, అభిరుచి కొద్దీ ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్నవాళ్లు కూడా పెంచి పోషించారు. 1977లో అమెరికాలో వార్డ్ క్రిస్టెన్సన్ అనే ఆయన టెలిఫోన్ లైను మీద ఫైలు పంపడానికి ఎక్స్‌మోడెమ్ రాశారు. 128 బైట్లు ఒక మూట. ప్రతి మూటకూ చివర ఒక బైటు లెక్క. అవతలివైపు లెక్క సరిపోకపోతే ఆ మూట మళ్లీ పంపాలి. ఫోన్ లైనులో చిన్న చిటపట వచ్చినా అక్షరాలు మారిపోయే రోజులవి.

1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ మొదలుపెట్టారు. ఎవరి ఇంట్లో వాళ్ల కంప్యూటర్. రాత్రిపూట ఒకటి ఇంకొకదానికి ఫోన్ చేసి ఉత్తరాలూ ఫైళ్లూ ఇచ్చిపుచ్చుకునేవి. తొంభైల మధ్యనాటికి ముప్పై వేలకు పైగా కంప్యూటర్లు ఆ జాబితాలో చేరాయి. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అంతకు పదకొండేళ్ల ముందటి సంగతి ఇది. ఆ నెట్‌వర్క్‌లో సభ్యుల జాబితా ఫైలుకు మొదటి వరుసలోనే చెక్ సంఖ్య ఉండేది. పంచే ప్రతి ఫైలుతోపాటు ఒక చిన్న చీటీ ఫైలు వెళ్లేది. దాని పేరు, అది ఏ కోవకు చెందింది, దాని సి.ఆర్.సి. ఎంత, అన్నీ ఆ చీటీలో ఉండేవి. అందుకున్న కంప్యూటర్ ఆ చీటీతో సరిచూసి, లెక్క తప్పితే ఫైలును పక్కన పడేసేది. ఎవరైనా కొత్త ఫైలు ఇస్తే దాన్ని విప్పి, వైరస్ ఉందేమో వెతికి, మళ్లీ కట్టిపెట్టే పనిముట్లు కూడా ఉండేవి.

తెలుగునేల మీదా ఇలాంటి అభిరుచి ఉంది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఎందరికో హామ్ రేడియో నేర్పింది. హామ్ రేడియోవాళ్లు కంప్యూటర్‌ను రేడియోకు కలిపి గాలిలోనే అక్షరాలు పంపుకునే పద్ధతిని ప్యాకెట్ రేడియో అంటారు. అందులోనూ ప్రతి మూట చివర 16 బిట్ల చెక్ సంఖ్య ఉంటుంది. గాలిలో చెడిన మూటను అందుకున్న రేడియో నమ్మదు, వదిలేస్తుంది.

"ఇప్పుడవన్నీ మెషీనే చూసుకుంటుంది కదా?"

చూసుకుంటుంది. ఆ తండ్రి వాదనలో బలమంతా ఇక్కడే ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

ఇప్పుడు బ్రౌజర్‌లో తాళం గుర్తుతో వచ్చే ప్రతి పేజీలోనూ, ప్రతి డౌన్‌లోడ్‌లోనూ, దారిలో ఒక్క బిట్టు మారినా పట్టే ఏర్పాటు ఉంది. ప్రోగ్రామర్లు వాడే గిట్‌లో ప్రతి ఫైలుకూ, ప్రతి మార్పుకూ చెక్ సంఖ్యే పేరు. టోరెంట్‌లో ఫైలు ముక్కలుగా వస్తే ప్రతి ముక్కనూ విడివిడిగా సరిచూస్తారు. రెండు కంప్యూటర్ల మధ్య ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఫోన్‌లో ఒక యాప్‌కు అప్‌డేట్ వస్తే, పాతది చేసినవాళ్ల డిజిటల్ సంతకమే కొత్తదాని మీదా ఉందో లేదో ఆండ్రాయిడ్ చూస్తుంది. లేకపోతే ఎక్కించదు.

కాబట్టి నెట్‌వర్క్ లోపల, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఫైలు పోయేటప్పుడు మనిషి కూర్చుని విడిగా సరిచూడాల్సిన అవసరం దాదాపు పోయింది. ఫిడోనెట్‌ను ఇప్పటికీ సరదాకు నడుపుతున్న కొద్దిమంది కూడా ఫోన్ లైను వదిలి ఇంటర్నెట్ మీదకే మారారు. ఫోన్ లైను చిటపటల కోసం పుట్టిన పనిముట్లు ఆ చిటపటలు లేని చోట చాలావరకు రెండోసారి తూకం వేయడమే. దీన్ని ఒప్పుకోవాలి. పాతది కాబట్టి గొప్పదని పిల్లలకు నేర్పకూడదు.

నెట్‌వర్క్ ఆగిపోయే చోట

అయితే మనం ఉండేది ఎక్కడ? రంపచోడవరం బజారులో సిగ్నల్ బాగానే ఉంటుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే ఫోన్‌లో గీతలు వస్తూ పోతూ ఉంటాయి. హాస్టల్‌లో ఉండే పిల్లలు, లోపలి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఫైళ్లను మోసుకొచ్చేది పెన్‌డ్రైవ్‌లోనే, మెమరీ కార్డులోనే. మన పిల్లల అసలు నెట్‌వర్క్ గోకవరం బస్సులో ఎక్కి దిగుతుంది. పుస్తకాల సంచిలో లంచ్ బాక్సు పక్కన కూర్చుని వస్తుంది.

ఆ దారిలో బ్రౌజర్ తాళం గుర్తు లేదు, టోరెంట్ ముక్కల లెక్క లేదు. మధ్యలో లాగేసిన పెన్‌డ్రైవ్, చెమట తగిలిన కార్డు, వైరస్ పట్టిన జిరాక్స్ షాపు కంప్యూటర్ మాత్రం ఉన్నాయి. ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారా అనిపించే పెన్‌డ్రైవ్‌లు, కార్డులు మరో బెడద. కొన్నిటి మీద రాసిన కెపాసిటీ ఒకటి, లోపల ఉన్నది ఒకటి. కంప్యూటర్‌కు అవి అబద్ధం చెబుతాయి. నిజంగా ఉన్న చోటు నిండాక కూడా "ఎక్కించుకున్నాను" అంటాయి. పేర్లు కనిపిస్తాయి, సైజులు కనిపిస్తాయి, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. దీన్ని పట్టేవి కూడా ఆ పాత కుటుంబానికి చెందిన పనిముట్లే: హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3. కార్డు మొత్తాన్ని తెలిసిన అంకెలతో నింపి, మళ్లీ చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తాయి. రెండూ ఉచితమే.

అందుకే నా అభిప్రాయం ఇది. నెట్‌వర్క్ తనను తాను చూసుకోగల చోట పాత పనిముట్లను వదిలేయవచ్చు. ఫైలు నెట్‌వర్క్‌లోంచి దిగి మనిషి చేతిలోకి వచ్చే చోట, ఒకటి కొట్టేసి ఇంకొకటి ఉంచుకునే చోట, ఏళ్ల తరబడి దాచుకునే చోట మాత్రం అవి కావాలి. హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కావచ్చు. ఈ కొండల్లో చిన్న విషయం కాదు.

కోర్టులు కూడా ఈ పాత పద్ధతినే పట్టుకున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఫైలు హాష్ విలువ, అంటే చెక్ సంఖ్య, రాయాలి. ఏ పద్ధతిలో తీశారో కూడా చెప్పాలి. రేపు మన పిల్లల్లో ఒకరు లాయరైనా, పోలీసు అధికారి అయినా, పంచాయతీ సెక్రటరీ అయినా ఈ వరుస వాళ్ల చేతి కిందకు వస్తుంది.

లెక్క వేరు, సంతకం వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే సగమే చెప్పినవాణ్ని అవుతాను.

1922లో అల్లూరి సీతారామరాజు గారు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకున్నప్పుడు, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ రికార్డులో రాసి సంతకం పెట్టి వెళ్లేవారన్న కథ ఈ కొండల్లో ప్రతి పిల్లవాడికీ తెలుసు. క్లాసులో నేను ఆ కథే వాడతాను. అందులో రెండున్నాయి. లెక్క ఒకటి, సంతకం ఒకటి. లెక్క ఉంటే ఏమైనా తగ్గిందా పెరిగిందా తెలుస్తుంది. సంతకం ఉంటే ఆ లెక్క రాసింది ఎవరో తెలుస్తుంది. ఒకటి రెండోదాని పని చేయదు.

చెక్ సంఖ్య లెక్క మాత్రమే. ఫైలు మారలేదని చెబుతుంది. ఫైలు మంచిదని చెప్పదు. చెడ్డ ఫైలు పూర్తిగా, భద్రంగా, ఒక్క బిట్టు కూడా పోకుండా మీ ఇంటికి చేరితే దాని చెక్ సంఖ్య కూడా చక్కగా సరిపోతుంది!

2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకును తాము మార్చిన ఫైలు వైపు తిప్పారు. విషయం బయటపడగానే ఆ ప్రాజెక్టువాళ్లు అసలు ఫైళ్ల చెక్ సంఖ్యలను ప్రకటించి, మీ దగ్గరున్నదానితో పోల్చుకోండి అన్నారు. పోల్చుకోవడం తెలిసినవాళ్లు నిమిషంలో తేల్చుకున్నారు. పనిముట్టు గెలిచిన సందర్భం అది. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం దీనికి తలకిందులు. చాలా లినక్స్ కంప్యూటర్లలో ఉండే ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టింది దాన్ని చూసుకునే బాధ్యత తీసుకున్న మనిషే. కాబట్టి లెక్కా సరిపోయింది, సంతకమూ సరిపోయింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. పనిముట్టు ఓడిన చోట మనిషి శ్రద్ధ గెలిచింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

పాత లెక్కల్లోనూ తేడాలున్నాయి. 1992లో వచ్చిన ఎం.డి.5 చాలాకాలం రాజ్యం ఏలింది. 2004లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావున్ బృందం రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎం.డి.5 సంఖ్య తెప్పించవచ్చని చూపించింది. 2017లో ఎస్.హెచ్.ఏ.-1కూ అదే గతి పట్టింది. పెన్‌డ్రైవ్ లాగేయడం వల్ల చెడిందా అని చూడటానికి ఎం.డి.5 ఇప్పటికీ చాలు. దొంగ కావాలని మార్చాడా అని చూడటానికి చాలదు. అందుకే క్లబ్‌లో ఎస్.హెచ్.ఏ.-256 వాడుతున్నాం. ఆ 64 గుర్తుల వరుస అదే.

మీ ఇంటికి సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. వాట్సాప్‌లో "మీ బండి మీద చలాన్ ఉంది", "పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయి" అంటూ ఏపీకే ఫైలు వస్తోంది. నొక్కినవాళ్ల బ్యాంకు ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. దానికి చెక్ సంఖ్య తీసి ఉపయోగం లేదు. దేనితో పోలుస్తారు? పంపిన దొంగ ఇచ్చిన సంఖ్యతోనా? అందుకే పిల్లలకు మొదటి ప్రశ్న "లెక్క సరిపోయిందా" అని కాదు, "ఇది ఎవరి దగ్గర్నుంచి వచ్చింది" అని నేర్పుతున్నాం. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే రెండో ప్రశ్న దాకా వెళ్లక్కర్లేదు, తీసేయడమే. పొరపాటున నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు.

ఏది వదిలేస్తాం, ఏది ఉంచుకుంటాం

ఇప్పుడు ఆ తండ్రికి నా జవాబు.

మీరన్న సగం నిజం ఇది: 64 గుర్తులను చేత్తో నోట్‌బుక్‌లో ఎక్కించడం దండగ. చేత్తో రాస్తే రాసేటప్పుడు తప్పు, చదివేటప్పుడు తప్పు. తప్పులు పట్టడానికి పెట్టిన పద్ధతిలో మనమే తప్పులు దూర్చినట్టు. శ్రద్ధ అలవాటవుతుందనుకుని పెట్టాను, అది కాపీరైటింగ్ అయిపోయింది. ఈ నెల నుంచి ఆపేస్తున్నాం. జాబితా కంప్యూటరే రాస్తుంది, కంప్యూటరే పోలుస్తుంది. నోట్‌బుక్‌లో పిల్లలు రాసేది మూడు మాటలే: ఈ ఫైలు ఎవరు ఇచ్చారు, ఎప్పుడు వచ్చింది, అసలుది ఎక్కడ ఉంది. కంప్యూటర్‌కు తెలియనివి అవే కదా.

నెట్‌వర్క్ లోపల ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు విడిగా సరిచూడటం కూడా మానేస్తున్నాం. సింక్‌థింగ్ ఆ పని చూసుకుంటుంది.

ఉంచుకునేవి మూడు. బయటి నుంచి వచ్చే పెన్‌డ్రైవ్ ఫైలును సరిచూడటం. కొత్త కార్డును వాడే ముందు పరీక్షించడం. దాచుకున్న పాత ఫైళ్లను టర్ముకు ఒకసారి జాబితాతో పోల్చి, ఏవైనా నిశ్శబ్దంగా చెడిపోయాయేమో చూడటం. మూడూ కలిపి టర్ములో రెండు పీరియడ్లు కూడా పట్టవు.

ఏఐ సంగతి. తప్పకుండా నేర్పుతాం. ఏఐ బొమ్మలూ గొంతులూ తయారుచేసే ఈ కాలంలో పిల్లలకు అన్నిటికన్నా కావలసిన అలవాటు ఒకటే: "ఇది నేను అనుకుంటున్నదేనా? ఎలా తెలుసు?" అని ఆగి అడగడం. చెక్ సంఖ్య ఆ ప్రశ్నకు అతి చిన్న, అతి సూటి జవాబు. నమ్మడమూ నమ్మకపోవడమూ కాకుండా మూడో దారి ఉందని, అది సరిచూడటమని, పన్నెండేళ్ల పిల్లకు చేతులతో తెలిసేది ఇక్కడే. ఏ ప్రోగ్రామింగ్ భాష పదేళ్ల తర్వాత ఉంటుందో నేను చెప్పలేను. ఈ అలవాటు మాత్రం పనికొస్తుంది.

ఈ నెల ఇంట్లో చేయండి

1. ఫోన్‌లోంచి ఫొటోలు, వీడియోలు వేరేచోటికి కాపీ చేశాక వెంటనే తీసేయకండి. మొదట్లో, మధ్యలో, చివర్లో తెరిచి చూడండి. తీసేయడం ఎప్పుడూ చివరి పనే.

2. పెన్‌డ్రైవ్‌ను లాగేయకండి. "ఎజెక్ట్" నొక్కి, తీయవచ్చని కంప్యూటర్ చెప్పాకే తీయండి. ఆ అమ్మమ్మ పాట పోయింది ఇక్కడే.

3. కంప్యూటర్ ఉన్న ఇంట్లో సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, మెనూలో ఎస్.హెచ్.ఏ.-256 ఎంచుకోండి. కాపీకీ అసలుదానికీ వరుస ఒకటే రావాలి. మీకు రాకపోతే మీ పిల్లల్ని అడగండి. వాళ్లకు వచ్చు. మీరు అడిగితే వాళ్లకు సంతోషం.

4. భూమి కాగితాల స్కాన్, పెళ్లి వీడియో, పెద్దవాళ్ల గొంతు, ఇలా మళ్లీ దొరకని వాటికి మూడు కాపీలు ఉంచండి. మూడూ ఒకే ఇంట్లో కాకుండా ఒకటి చుట్టాలింట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి.

5. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఎవరు పంపినా నొక్కకండి. అన్నయ్య నంబరు నుంచి వచ్చినా సరే, ముందు అన్నయ్యకు ఫోన్ చేసి అడగండి.

చివరిగా ఒక మాట. ఆ అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి. పోయిన సంక్రాంతి సెలవులకు ఊరెళ్లి వాళ్ల అమ్మమ్మ చేత మరో గంట సేపు మాట్లాడించి తెచ్చింది. ల్యాబ్‌లో కాపీ చేశాక నేను "వచ్చిందమ్మా" అన్నాను. "ఆగండి సార్" అని, తనే కూర్చుని రెండు ఫైళ్లనూ పోల్చింది. వరుసలు కలిశాయి. అప్పుడు కూడా ఫోన్‌లోంచి తీసేయలేదు. "ఇంటి దగ్గర ఇంకో కాపీ పెట్టాక తీస్తాను" అంది.

నేను నేర్పిన పాఠాన్ని నాకే అప్పజెప్పింది. అంతకన్నా మంచి ఫలితం ఏ యూనిట్ టెస్ట్‌లోనూ చూడలేదు.

మీ అభిప్రాయం వేరుగా ఉంటే వచ్చే పీటీఎంలో తప్పకుండా చెప్పండి. ల్యాబ్ తలుపు తీసే ఉంటుంది. మీ ఇంట్లో మూల పడి ఉన్న పాత పెన్‌డ్రైవ్ ఏదైనా ఉంటే వెంట తీసుకురండి. పిల్లలు మీ ముందే పరీక్షించి, లోపల ఏం మిగిలిందో చూపిస్తారు.

— కంప్యూటర్ టీచర్, రంపచోడవరం శాఖ